ఎగిరే దేవుళ్లు, పరుగెత్తే మనుషులు

బొల్లారం పారిశ్రామికవాడ నుంచి పటాన్‌చెరు, రామచంద్రాపురం దాకా రోడ్డు పక్కన ఆటగాడి బొమ్మకు కరువు లేదు. జిమ్ షట్టర్ మీద ఉంటుంది, బడి ప్రహరీ మీద ఉంటుంది, క్రికెట్ టోర్నమెంటు ఫ్లెక్సీ మీద ఉంటుంది. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వచ్చాక ఆటల బొమ్మలు ఇంకా పెరిగాయి. (కొన్ని ఊళ్లలో మైదానం కంటే బోర్డే గట్టిగా నిలబడింది, అది వేరే కథ.) వీటిలో ఎక్కువ భాగం ఒకే అచ్చు. ఒక కాలు ముందుకు చాచి, ఇంకో కాలు వెనక్కి విసిరిన, మొహం లేని నీడబొమ్మ. ఇంటర్నెట్‌లో ఎవరో ఎప్పుడో గీసి పెట్టిన ఆ ఆకారం బొల్లారంలోనూ అదే, బొలీవియాలోనూ అదే. అతనిది ఏ ఊరో తెలియదు. ఒంట్లో బరువెంతో తెలియదు. పరుగు మొదట్లో ఉన్నాడో, చివర్లో రొప్పుతున్నాడో తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, అతని కాళ్ల కింద నేల ఉండదు.

ఆటలో ఉన్న ఒంటిని బొమ్మలో పట్టుకోవడమనే పని తెలుగువాళ్లలో ఎంత దూరం వచ్చింది, ఎక్కడ ఆగింది అని వెతుకుతూ పోతే నాకు పదే పదే తగిలేది ఈ నేల సంగతే. మన శిల్పులకూ చిత్రకారులకూ కదలిక కొత్త కాదు. దాదాపు రెండువేల ఏళ్లుగా చెక్కుతున్నారు, గీస్తున్నారు. అయితే వాళ్ల చేతిలో రూపం కట్టినవాళ్లలో ఎగిరేవాళ్లు ఎక్కువ, పరుగెత్తేవాళ్లు తక్కువ. ఎగిరేవాడికి నేలతో పని లేదు. పరుగెత్తేవాడికి నేలే సగం ఆట. ఇక్కడ బొల్లారమంటే సికింద్రాబాద్ పక్కన రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం కాదని ముందే చెప్పాలి. ఇది సంగారెడ్డి జిల్లాలోని మందుల కంపెనీల బొల్లారం. దీని నేల సంగతికి చివర్లో వస్తాను.

అమరావతి స్తూపం మీది నాలాగిరి ఏనుగు ఫలకంతో మొదలుపెట్టాలి. క్రీస్తుశకం 2వ శతాబ్దపు పని, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుండ్రటి సున్నపురాతి బిళ్లలో మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల మీద పడుతోంది. అదే బిళ్లలో కాస్త పక్కన అదే ఏనుగు బుద్ధుడి ముందు వంగి మోకరిల్లింది. జనం చెల్లాచెదురవుతున్నారు, ఒక స్త్రీ హడలిపోయి వెనక్కి వాలింది, మేడల మీద నుంచి జనం తొంగి చూస్తున్నారు. రెండు క్షణాలు ఒకే చట్రంలో ఇమిడిపోయాయి. చూసేవాడి కన్ను మొదటి ఏనుగు నుంచి రెండో ఏనుగుకు వెళ్లేలోపే కథ జరిగిపోతుంది. కదలిక రాతిలో లేదు, మన చూపులో ఉంది. ఆ ఫలకంలో ఇంకో విశేషం, మనుషులు నిజంగా ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒంటికి బరువుంది, తోపులాట ఉంది. ఆ తర్వాత ఇక్ష్వాకులు నాగార్జునకొండలో చుట్టూ మెట్ల వరసలతో ప్రదర్శనల కోసం ఏకంగా ఒక రంగస్థలమే కట్టారు. చూసే జనమూ, చూడదగ్గ ఒళ్లూ, వాటిని చెక్కగల చేతులూ మూడూ కృష్ణా తీరంలో ఒకే కాలంలో ఉన్నాయన్నమాట.

తర్వాతి కాలంలో బరువు సన్నగిల్లింది. 7, 8 శతాబ్దాల అలంపూర్ ఆలయాల గోడల మీద గంధర్వ జంటలు మోకాళ్లు మడిచి గాలిలో తేలుతుంటాయి. చూడముచ్చటైన పని, కాదనను. తమాషా ఏమిటంటే ఇలా మోకాలు బాగా వంచిన భంగిమతోనే క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు గ్రీకు శిల్పులు పరుగునూ చూపించారు, రెక్కల దేవతలు ఎగరడాన్నీ చూపించారు. మన దగ్గర అది ఎగరడానికే స్థిరపడిపోయింది. దానికి ఇవాళ్టి వారసుడెవరో వేరే చెప్పక్కర్లేదు. సంజీవని కొండ ఎత్తుకున్న హనుమంతుడు. తాలీం గోడ మీద, వ్యాయామశాల గుమ్మం పైన, లారీ వెనక, గుడి అరుగు మీద ఆయనే. తెలుగునాట అందరికంటే ఎక్కువసార్లు బొమ్మకెక్కిన క్రీడాకారుడు హనుమంతుడే అంటే ఎవరూ కాదనరు. తొడ కండకీ భుజానికీ పెయింటర్ పెట్టే శ్రద్ధ ఇంకే బొమ్మకూ పెట్టడు. అయినా ఆ ఒంటి బరువు ఎక్కడా ఆనదు. చేతిలోని కొండకూ బరువుండదు.

ఆయన బొమ్మ కింద జరిగేది మాత్రం పూర్తిగా బరువు వ్యవహారం. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు, అటు నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో జాతరలకు కుస్తీలు ఇప్పటికీ పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, చివరికి వెండి కడియం దాకా సాగుతాయి. పహిల్వాన్ దేవుడికి దండం పెట్టి, గుప్పెడు మట్టి తీసి ఒంటికి రాసుకుని బరిలోకి దిగుతాడు. గోడ మీద దేవుడు గాలిలో ఉంటాడు, కింద మనిషి మట్టిలో ఉంటాడు. ఆ మట్టిలోని మనిషిని బొమ్మలోకి తెచ్చినవాళ్లు అరుదు. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం నందలాల్ బోస్ వేసిన పోస్టర్లలో మల్లులున్నారు. లావుపాటి గీత, మట్టిరంగులు, ఒకరినొకరు పెనవేసుకున్న ఒళ్లు. బెంగాల్ నుంచి గుజరాత్ వెళ్లిన ఆ మల్లులకు మన దగ్గర తోబుట్టువులు పుట్టలేదు.

ఎందుకు పుట్టలేదన్న ప్రశ్నకు ఒక జవాబు కెమెరాలో దొరుకుతుంది. లాలా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దర్బారు ఫొటోగ్రాఫరయ్యాడు. ఆయన తీసిన వేట ఫొటోలు ప్రసిద్ధమైనవి. వాటిలో వేట కనిపించదు, వేట అయిపోయాక పరిస్థితి కనిపిస్తుంది. చచ్చిన పులి, తుపాకీ పట్టుకుని పక్కన నిలబడ్డ దొరలు, కదలకుండా బిగుసుకున్న పరివారం. పెద్ద కెమెరా, గాజు పలకలు, కదిలితే చెరిగిపోయే బొమ్మ అన్న ఇబ్బందులు ఉన్నాయి, నిజమే. కాని ఇబ్బంది తీరాక కూడా అలవాటు పోలేదు. ఇవాళ మెడల్ మెడలో వేసుకుని, పక్కన నాయకుడితో నవ్వుతూ నిలబడ్డ క్రీడాకారిణి ఫ్లెక్సీ ఆ వేట ఫొటోకు మునిమనుమరాలే. ఆట ముగిశాక తీసిన బొమ్మనే మనం ఆట బొమ్మ అనుకుంటున్నాం. పి.వి. సింధు రియోలో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చినప్పుడు హైదరాబాద్ వీధుల నిండా ఆమె మొహం ఉంది. వెనక్కి వంగి స్మాష్ కొట్టే ముందు ఆమె వెన్ను ఎలా విల్లులా మారుతుందో ఎవరూ గీసిపెట్టలేదు.

దీన్‌దయాళ్ కాలంలోనే అమెరికాలో ఈడ్వర్డ్ మైబ్రిడ్జ్ గుర్రం పరుగును విడదీశాడు. 1878లో కాలిఫోర్నియాలో ట్రాక్ పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, గుర్రం నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం ఉందని తేల్చాడు. ఆ క్షణం చిత్రకారులు ఊహించుకున్న చోట లేదు. 1821లో జెరికో వేసిన ఎప్సమ్ డెర్బీ గుర్రాలు ముందు కాళ్లు ముందుకీ, వెనక కాళ్లు వెనక్కీ చాచి గాలిలో సాగిపోతాయి. నిజంగా గుర్రం గాలిలో ఉండేది కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. శాస్త్రం ప్రకారం జెరికో తప్పు. అయినా లూవ్ర్ మ్యూజియంలో ఆ బొమ్మ ముందు నిలబడ్డవాళ్లకు గుర్రాలు పరుగెడుతున్నట్టే ఉంటుంది, మైబ్రిడ్జ్ ఫొటోలో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. శిల్పి రోడిన్ దీనికి సమాధానం చెప్పాడు. ఫొటో కాలాన్ని ఆపేస్తుంది, కాలం మాత్రం ఆగదు. కళాకారుడు ఒంట్లో ఒక భాగాన్ని ఒక క్షణంలో, ఇంకో భాగాన్ని తర్వాతి క్షణంలో ఉంచుతాడు, చూపు ఒకదాని నుంచి ఇంకోదానికి పోతుంటే ఒళ్లు కదిలినట్టవుతుంది. అందుకే నడుస్తున్న యోహాను శిల్పానికి రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆన్చాడు. అమరావతి శిల్పి రెండు ఏనుగులతో చేసిన పనినే రోడిన్ ఒకే మనిషి ఒంట్లో చేశాడు.

ప్రాచీన గ్రీకుల విషయమూ ఇంతే. ఏథెన్స్ పండుగ ఆటల్లో గెలిచినవాళ్లకు ఆలివ్ నూనె నింపి ఇచ్చే కూజాల మీద పరుగువాళ్ల బొమ్మలున్నాయి. పొట్టి పరుగైతే చేతులు విసురుగా బారలు చాస్తాయి, దూరపు పరుగైతే మోచేతులు పక్కలకు దగ్గరగా ఉంటాయి. ఇంత నిశితంగా చూసిన ఆ చిత్రకారులే చాలాసార్లు కుడి చేయినీ కుడి కాలినీ ఒకేసారి ముందుకు పంపారు. అలా పరుగెత్తడానికి ప్రయత్నించండి, నాలుగు అడుగులకే తడబడతారు. కాని కూజా మీద వాళ్లు దూసుకుపోతూనే ఉంటారు. ఇవాళ ఫోన్‌లో స్లో మోషన్ తీసి, ఒక ఫ్రేమ్ ఆపి, గళ్లు గీసి కాన్వాసుకు ఎక్కించే కుర్ర చిత్రకారులకు ఈ సంగతులు ఎవరో ఒకరు చెప్పాలి. ఆపిన ఫ్రేమ్ నిజమే కావచ్చు. దాంట్లో పరుగు ఉందన్న హామీ లేదు.

మన దగ్గర ఈ కిటుకు తెలిసినవాళ్లు గ్యాలరీల్లో కాదు, పిల్లల పత్రికలో ఉన్నారు. చందమామలో శంకర్ అనే కె.సి. శివశంకరన్ గీసిన విక్రమార్కుడు తెలుగు పాఠకుడి కళ్లల్లో స్థిరపడ్డ నడక. చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానం, ముందుకు పడే అడుగు. నెలనెలా అదే బొమ్మ వచ్చినా విసుగు పుట్టలేదు. రాజు ఒళ్లు కొంచెం ముందుకు వాలి ఉంటుంది, భుజం మీద బరువు వెనక్కి లాగుతుంటుంది, ఆ రెండింటి మధ్య కాలు గట్టిగా నేలను తొక్కుతుంది. క్రీడాకారుడి బొమ్మకు కావాల్సినదంతా ఆ చిన్న పేజీలో ఉంది. 2020లో ఆయన పోయినప్పుడు బాల్యం గురించీ భేతాళుడి గురించీ చాలామంది రాశారు. ఆ పాదం గురించి రాసినవాళ్లు నాకు కనబడలేదు.

చేర్యాల నకాషీ పటానిది ఇంకో దారి. పదుల అడుగుల గుడ్డ, ఎర్రటి నేపథ్యం, అంతస్తులుగా కథ. అందులో యోధులూ వేటగాళ్లూ ఉంటారు, గుర్రాలు దూకుతాయి. అక్కడ కదలిక కథకుడి చేతిలో ఉంది, పటం విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది. ఒక్క చట్రంలో ఒళ్లు కదలాల్సిన అవసరం ఆ చిత్రకారుడికి లేదు. దీన్ని క్రీడా చిత్రానికి వాడుకోవచ్చునని అంటుంటారు గాని, రంగుల తీరును తీసుకుని చేర్యాల మొహాలకు జెర్సీలు తొడిగితే అలంకారమే మిగులుతుందని నా అనుమానం.

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి మాత్రం ఈ ప్రశ్నను చాలా లోతుగా పట్టుకున్నాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, ప్యారిస్‌లో హేటర్ నడిపిన ముద్రణశాల అటెలియే 17లో చేరి, ఒకే లోహపు పలక మీద రంగుల చిక్కదనం తేడాలతో ఒకేసారి పలు రంగులు అచ్చువేసే పద్ధతిని రూపొందించడంలో ముందు నిలిచాడు. మొదట్లో ఆయనవి నీళ్లు, అలలు, చేపలు. 1968 ప్యారిస్ ఉద్యమం తర్వాత ప్రదర్శనకారుల గుంపు వచ్చింది. ఆ తర్వాత సర్కస్ జోకరు. ఆ జోకరు బొమ్మల్లో మనిషి మధ్యలో ఉంటాడు, గీతలు అతని చుట్టూ తిరుగుతూ, విచ్చుకుంటూ బయటికి పోతాయి. ఒంటి కదలిక చుట్టూ ఉన్న గాలినంతా కదిలిస్తుంది. తెలుగువాడి చేతిలో ఇరవయ్యో శతాబ్దంలో కదలిక ఇంత స్పష్టంగా రూపుకట్టిన సందర్భం ఇంకొకటి నేను చెప్పలేను. ఆయన పలక మీద సూదితో, చక్రంతో చెక్కేవాడు. నీటి సుడీ జోకరు ఒళ్లూ ఆయనకు ఒకే జాతి పదార్థం. అయితే ఆయనకూ నేల అక్కర్లేదు. ఆయన లోకం నీళ్లదీ గాలిదీ. 2018లో న్యూయార్క్‌లో పోయేవరకూ ఆయన పేరు ప్రపంచ ముద్రణశాలల్లో మారుమోగింది, మన పాఠ్యపుస్తకాల్లో అంతగా వినబడలేదు.

తెలంగాణ ఆధునిక చిత్రకారులు నేలను వదల్లేదు, పరుగును వదిలేశారు. సిద్దిపేట కాపు రాజయ్య పల్లె పండుగల్నీ పనుల్నీ చిత్రించాడు. అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ చెట్టునూ మేకనూ మనిషినీ ఒకే నరంతో కలిపి గీశాడు. ఆయన గీతల్లో కండరం బిగుసుకునే ఉంటుంది, ఏ క్షణమైనా లేస్తారనిపిస్తుంది, లేవరు. తోట వైకుంఠం మనుషులు నిలబడతారు, కూర్చుంటారు, పక్కకు చూస్తారు. ఎర్ర చీర, పెద్ద బొట్టు, ముక్కుపుల్ల, భుజాన చిలుక. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. వాళ్ల తరం చేయాల్సిన పని వేరు. సినిమా, పత్రిక, క్యాలెండరు పట్టించుకోని తెలంగాణ పల్లె మనిషిని నిలబెట్టి, ఇదీ మా ఒళ్లు, ఇదీ మా నలుపు అని చూపించడం. నిలబెట్టాలంటే కదలకుండా ఉండాలి మరి. చిక్కల్లా తర్వాత వచ్చింది. ఆ నిలుపు ఒక శైలిగా, ఆ శైలి ఒక సరుకుగా మారి, హోటల్ లాబీల్లోనూ ఆఫీసు గోడల మీదా అదే బొట్టు, అదే చిలుక. తాటిచెట్టు మీద మోకు బిగించి నడుముతో వెనక్కి వాలే గీత కార్మికుడి ఒళ్లు ఏ జిమ్నాస్టుకీ తీసిపోదు. అతన్ని చెట్టు దింపి, కుండ పట్టించి నిలబెడితే గాని బొమ్మ అమ్ముడుపోదన్నట్టు తయారయింది పరిస్థితి.

గచ్చిబౌలిలో ఒకే రోడ్డు చుట్టుపక్కల హైదరాబాద్ విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు స్కూల్, 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం, గోపీచంద్ అకాడమీ ఉన్నాయి. ఇక్కడ బొమ్మలు నేర్చుకునేవాళ్లు, అక్కడ ఒంటికి చెమట పట్టించేవాళ్లు. స్కెచ్ పుస్తకం పట్టుకుని ఒక తరగతి మొత్తం రోజూ ట్రాక్ అంచున కూర్చోవడం పాఠ్యప్రణాళికలో భాగమైతే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

స్త్రీ ఒంటి విషయంలో ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ. వెయిట్‌లిఫ్టింగ్‌లో కదలిక రెండు మూడు క్షణాలు. అందులోనూ అసలు నాటకం పాదాల దగ్గర. బరువు నేల నుంచి లేస్తుంది, పాదాలు నేలను నొక్కుతాయి, ఒళ్లు బరువు కిందికి దూరి మళ్లీ లేస్తుంది. చిత్రకారుడికి ఇంతకంటే మంచి విషయం ఏముంటుంది? విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ హర్డిల్ దాటేటప్పుడు చాచిన కాలికంటే వెనక మడిచి పక్కకు లాగే కాలే ముఖ్యం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం గెలిచింది. చివరి 100 మీటర్లలో భుజాలు బిగుసుకుపోవడం, మెడ నరాలు తేలడం ఆ పరుగు అసలు మొహం. మన చిత్రాల్లో స్త్రీ అంటే చీర మడతలూ చూపులూ. పిక్క కండరం ఉన్న స్త్రీ ఇంకా కాన్వాసు మీదికి రాలేదు.

బయట ప్రపంచంలో చాలా జరిగింది, అన్నీ చెప్పుకుంటూ కూర్చోను. 1912 నుంచి 1948 దాకా ఒలింపిక్స్‌లో చిత్రకళకూ పతకాలిచ్చారు. 1924లో ఐర్లాండ్ చిత్రకారుడు జాక్ యేట్స్ డబ్లిన్ నదిలో ఈత పోటీ బొమ్మకు రజతం తెచ్చుకున్నాడు. ఇటలీ ఫ్యూచరిస్టు బొచ్చోని 1913లో వేసిన ఫుట్‌బాల్ ఆటగాడిలో వేగం తప్ప ఆటగాడు దొరకడు. 1909లో జార్జ్ బెలోస్ వేసిన బాక్సింగ్ బొమ్మలో ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు పడి, మాంసం మాంసాన్ని తోస్తుంటుంది. అమరావతి తోపులాట మళ్లీ చూసినట్టుంటుంది.

మన పారిశ్రామికవాడకు పనికొచ్చేవి ముగ్గురి పనులు. మొదటిది సోవియట్ చిత్రకారుడు అలెగ్జాండర్ దైనేకా 1935లో వేసిన 'దొన్బాస్‌లో భోజన విరామం'. బొగ్గు గనుల ప్రాంతంలో పని ఆపి వచ్చిన కుర్రాళ్లు బట్టలు లేకుండా నీళ్లలోంచి మనవైపు పరుగెత్తుకొస్తున్నారు, వెనక రైలు పోతోంది. ఇప్పుడు రీగా మ్యూజియంలో ఉంది. అందులో ప్రచారం ఉంది, ఆరోగ్యవంతుడైన కార్మికుడి మీద రాజ్యానికున్న మోజు ఉంది, అది దాచేస్తే దాగదు. అయినా పని చేసే ఒళ్లే ఆడే ఒళ్లు అన్న సంగతిని ఇంత తేటగా చెప్పిన బొమ్మ తక్కువ. రెండోది ఇంగ్లండ్ చిత్రకారుడు లౌరీ 1953లో వేసిన 'గోయింగ్ టు ద మ్యాచ్'. బోల్టన్ ఫుట్‌బాల్ మైదానం వైపు ముందుకు వంగి నడిచే సన్నటి మనుషులు, వెనక ఫ్యాక్టరీలు. ఆట కనబడదు, ఆట కోసం వారమంతా ఎదురుచూసిన ఊరు కనబడుతుంది. 2022లో ఆ బొమ్మను 78 లక్షల పౌండ్లకు లౌరీ పేరు మీదున్న కళాకేంద్రమే కొనుక్కుంది. మూడోవాడు ఎర్నీ బార్న్స్. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడి, మానేసి, బొమ్మలకు దిగాడు. సాగదీసినట్టుండే ఒళ్లు, మూసిన కళ్లు. దెబ్బ తగిలేటప్పుడు లోపల ఎలా ఉంటుందో తెలిసినవాడి గీత అది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు అధికారిక చిత్రకారుడు. నాట్యం చేసే జనాన్ని చిత్రించిన ఆయన 'షుగర్ షాక్' 2022 వేలంలో కోటిన్నర డాలర్లు దాటింది. ఆడినవాడే గీస్తే ఏమవుతుందో బార్న్స్ చూపించాడు. మన స్పోర్ట్స్ స్కూళ్లలో డ్రాయింగ్ టీచరు ఉండాలన్న వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు బొల్లారం. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్, చుట్టూ బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వాడలు. శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ, బిహార్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. డ్రమ్ములు దొర్లించి, బస్తాలెత్తి రియాక్టర్లు ఛార్జ్ చేసిన చేతులే సాయంత్రం ఖాళీ ప్లాట్‌లో వాలీబాల్ వల కడతాయి. సేఫ్టీ బూట్లు విప్పి గట్టున పెట్టి, వట్టి కాళ్లతోనో చౌక కాన్వాస్ బూట్లతోనో ఆడతారు. ఈ నేలకు ఒక చరిత్ర ఉంది. వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పోతున్నాయని 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశవ్యాప్తంగా లెక్కగట్టిన సూచికలో పటాన్‌చెరు–బొల్లారం 70 మార్కు దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. పరుగెత్తే మనిషి మామూలు మనిషికంటే ఎన్నోరెట్లు గాలి పీలుస్తాడు. ఇక్కడి ఆటగాణ్ని గీసేవాడు వెనక లేత నీలం రంగు వాష్ వేసి ఊరుకుంటే అది అబద్ధపు బొమ్మ. పొగగొట్టాలు పెట్టి జాలి పుట్టిస్తే అంతకంటే పెద్ద అబద్ధం, ఎందుకంటే ఆ కుర్రాళ్లు అక్కడికి జాలి కోసం రాలేదు, పాయింటు కోసం వచ్చారు.

ఇంతకీ ఎవరు గీస్తారు, ఎక్కడ గీస్తారు? గోడలున్నాయి. కంపెనీల ప్రహరీలు కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయి, వాటి మీద భద్రతా నినాదాలూ పచ్చని చెట్లూ ఎలాగూ వేయిస్తున్నారు. చేతులూ ఉన్నాయి. ఫ్లెక్సీ వచ్చాక పని పోయిన సైన్‌బోర్డు పెయింటర్లకు పదడుగుల బొమ్మను గళ్లు గీసి, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌లో ఒక రోజులో నిలబెట్టడం తెలుసు. సినిమా కటౌట్లు వేసినవాళ్లకు ఒళ్లు ముందుకు వంగితే నీడ ఎక్కడ పడుతుందో కాలేజీలో నేర్చుకున్నవాళ్లకంటే బాగా తెలుసు. ఖర్చు పెట్టడానికి సీఎస్ఆర్ పద్దు ఉంది. లేనిది మోడల్. ఆ పద్దుతోనే ఒక చిక్కు ఉంది. కంపెనీ డబ్బుతో కంపెనీ గోడ మీద వేసే బొమ్మలో కార్మికుడి ఒళ్లు నవ్వుతూనే ఉండాలని అడుగుతారు. దైనేకా ఇరుక్కున్నది సరిగ్గా ఇందులోనే. అందుకని మొదటి బొమ్మలు పంచాయతీ గోడ మీదో, బడి గోడ మీదో వేస్తే మేలని నా ఉద్దేశం. బడి పిల్లలు నిర్మొహమాటంగా తప్పులు పడతారు కూడా.

ఏ ఆట వేయాలన్నదానికి నా ఓటు కబడ్డీకి. క్రికెట్‌ను టీవీ ఇప్పటికే ఫ్రేము ఫ్రేముగా తినేసింది, ఇక మిగిలింది లేదు. పరుగుపందెం చివరికి చేయాల్సిన పని, అది అన్నిటికంటే కష్టం. ఒంటరి ఒళ్లు, క్షణంలో పదోవంతు సేపు నేలకు తగిలే పాదం, నీడబొమ్మలోకి జారిపోయే ప్రమాదం అడుగడుగునా. కబడ్డీలో కూత పెట్టి వెళ్లినవాడు గీతకు చేయి చాపుతూ పడిపోతుంటాడు, ఒకడు చీలమండ పట్టుకుంటాడు, ఒకడు నడుము మీద పడతాడు, మూడోవాడు ఇంకా గాలిలో ఉంటాడు. నాలుగు ఒళ్లు, నాలుగు వేర్వేరు క్షణాలు, అమరావతి శిల్పి బిళ్లలో ఇమిడిపోయే కథ. ప్రొ కబడ్డీ చాపల మీదికి వెళ్లిపోయింది గాని, బొల్లారంలో ఇంకా మట్టిలోనే ఆడతారు. ఆ మట్టి వాళ్ల వీపులకు ఎక్కడెక్కడ అంటుకుందో చూసి గీస్తే చాలు, ఎవడు ఎవణ్ని ఎటు లాగాడో బొమ్మే చెబుతుంది. కొలత పన్నెండు అడుగుల వెడల్పుకు తగ్గకూడదు. మనుషులు అసలు సైజులో ఉండాలి. పాదాలు గోడ అడుగు అంచుకు ఆనాలి, రోడ్డు దుమ్ము లేచి వాటి మీద పడినా ఫరవాలేదు.